సాకినోళ్ల సంతకం: మన ప్రాంతంలో పిల్లల పెంపకం చరిత్ర

ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిల పట్టికలు అయిపోయినాక కొన్ని పేజీలు పాత సంగతులకు వదిలిపెడతాం. చాలామంది ముందుగా ఈ పేజీలే తిప్పుతారని మాకు తెలుసు. లెక్కల పేజీలు రాసిన అక్కలు ఏమీ అనుకోవద్దు. ఈసారి దేని మీద రాయాలో మేము ఎంచుకోలేదు. ఒక గ్రామ సమాఖ్య సమావేశంలో ఒక అక్క అడిగిన ప్రశ్నే దాన్ని తేల్చింది.

ఆ అక్క చెల్లెలు చనిపోయింది. చెల్లెలి బిడ్డలిద్దరూ ఆరేండ్లుగా ఈమె దగ్గరే ఉండారు. తండ్రి జాడ లేదు. పెద్దపాపకు బ్యాంకులో ఖాతా తెరుద్దామని పోతే, "తల్లో తండ్రో రావాలి, లేదంటే గార్డియన్ కాగితం తీసుకురా" అన్నారంట. "ఆరేండ్లు అన్నం పెట్టిన చెయ్యి సంతకానికి పనికిరాదా అక్కా?" అని ఆమె అడిగింది. మాలో ఎవరికీ జవాబు తెలియలేదు. మినిట్స్ పుస్తకంలో "చర్చించడమైనది" అని రాసి, టీ తాగి లేచిపోయినాం. ఇంటికి పోయినాక ఆ మాట మాకే మింగుడు పడలేదు. తెలిసినవాళ్లను అడిగినాం, చట్టాలు చదివిన వాళ్ల దగ్గర కూర్చున్నాం, పెద్దవాళ్లతో పాత సంగతులు చెప్పించుకున్నాం. అట్లా పోగైందే ఈ వ్యాసం.

మన ఊరి కథతోనే మొదలుపెడతాం. తిరుచానూరు అమ్మవారు ఆకాశరాజు కన్నబిడ్డ కాదు. ఆయన యజ్ఞం కోసం భూమి దున్నిస్తుంటే పద్మంలో దొరికిన పాప. పద్మంలో దొరికింది కాబట్టి పద్మావతి అయింది. నారాయణవనంలో ఆకాశరాజు, ధరణీదేవి ఆమెను సాకినారు. అటు స్వామివారి వైపు చూస్తే, శ్రీనివాసుడిని కన్నబిడ్డలా చూసుకున్నది వకుళమాత. ద్వాపరంలో కృష్ణుడిని పెంచిన యశోదే ఈమెగా పుట్టిందని పెద్దలు చెప్తారు. పెండ్లి మాట్లాడటానికి నారాయణవనం పోయింది కూడా వకుళమాతే. అంటే పెంచిన తల్లి పోయి, పెంచిన తండ్రి ఇంట్లో పిల్లను అడిగింది. ఏటా కార్తీకంలో పంచమీతీర్థానికి పద్మసరోవరంలో లక్షల మంది మునుగుతారు. ఆ పెండ్లిలో ఇరుపక్కల పెద్దలూ సాకినవాళ్లేనని ఎంతమందికి తడుతుందో! పేరూరు బండ మీద వకుళమాత గుడి చాన్నాళ్లు పాడుబడిపోయి ఉండింది. చుట్టూ బండ తవ్వుకుంటా పోయినారు. మళ్లీ కట్టి, 2022 జూన్‌లో సంప్రోక్షణ చేసినారు. పెంచిన తల్లికి గుడి నిలబడటానికి ఇంతకాలం పట్టింది.

పురాణం పక్కన పెట్టి మనుషుల సంగతికి వస్తే, మన పక్క 'సాకడం' ఎప్పుడూ ఉండేదే. అక్క చనిపోతే చెల్లెలు సాకింది, కొడుకు చనిపోతే అవ్వ సాకింది. కాన్పులో తల్లి పోతే పక్కింటి బాలింత ఇద్దరికీ పాలిచ్చింది. దీనికెవరూ కాగితం అడగలేదు. కాగితం అడిగేది ఆస్తి ఉన్నచోటే. పాత హిందూ ధర్మశాస్త్రం దత్తత గురించి పేజీలకు పేజీలు మాట్లాడింది. కానీ అదంతా కొడుకు గురించే, పిండం పెట్టేవాడి గురించి, పొలం దక్కేవాడి గురించి. మన జిల్లాల్లో రెడ్లలో, కమ్మవాళ్లలో ఇల్లటం అనే ఆచారం ఉండేది. మగబిడ్డ లేని ఇంట్లో అల్లుడిని తెచ్చి పెట్టుకుని, కొడుకుతో సమానంగా భాగం ఇచ్చేవాళ్లు. మద్రాసు హైకోర్టు 1880ల నాటికే ఆ ఆచారాన్ని గుర్తించింది. ఎదిగిన అల్లుడికి కోర్టులో పేరు దొరికింది గానీ, అవ్వ ఒడిలో పెరిగే పసిబిడ్డకు ఏ పేరూ దొరకలేదు.

ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి 1956 దాకా హిందూ చట్టంలో చోటే లేదు. ఒక్కచోట మాత్రం ఆచారం ఒప్పుకుంది, అది దేవాలయ నాట్యకత్తెల ఇండ్లలో. మన గుళ్లలో కూడా ఆ సేవ చేసిన స్త్రీలు ఉండారు, దానాలు చేసినట్టు శాసనాలు ఉండాయి. వాళ్లు తమ తర్వాత వారసురాలిగా ఆడబిడ్డను పెంచుకునేవాళ్లు. ఈ సంగతి చెప్పుకోవడానికి కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. మేము చెప్పాలనే అనుకున్నాం. అందులో రెండు ముఖాలున్నాయి. మగవాడి పేరు లేకుండా ఒక ఆడది ఒక ఆడబిడ్డకు తల్లి కావడం ఒక ముఖం. పేదింటి పిల్లను కొనుక్కొచ్చి ఆ వృత్తిలోకి దించడం రెండో ముఖం. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1920ల చివర్లో మద్రాసు శాసనమండలిలో పోరాడింది ఈ రెండో దాని మీదే. ఆ బతుకులోంచి బయటపడిన ఆడపిల్లలు తన ఇంటికొస్తే, 1930ల మొదట్లో వాళ్ల కోసం అవ్వై హోమ్ పెట్టింది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. బిడ్డను 'పెంచుకుంటాం' అనే మాట వెనక ఏముందో ఎవరో ఒకరు చూడాలి అనే పాఠం అప్పటిది. అది ఇప్పటికీ పనికొస్తుంది. కింద మళ్లీ వస్తాం దీనికి.

1876 నుంచి 1878 దాకా పట్టిన కరువును మన పక్క ధాత కరువు అంటారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1911 ఏప్రిల్‌లో గానీ మన జిల్లా పుట్టలేదు. ఆ కరువులో ఊళ్లకు ఊళ్లు గంజి కేంద్రాల దోవ పట్టినాయి. తల్లిదండ్రులు దోవలో రాలిపోతే మిగిలిన పిల్లలను చుట్టాలు తీసుకుపోయినారు. చుట్టాలకే తిండి లేనిచోట మిషనరీలు తీసుకున్నారు. మతం మారుస్తారని ఊళ్లలో గొణుగుడు ఉండేది. అయితే గొణిగినవాళ్లలో ఎంతమంది ఒక బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారు అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే. వందలమంది పిల్లలను ఒకే కప్పు కింద పెట్టి సాకే పద్ధతి, అంటే అనాథాశ్రమం, మన ప్రాంతాలకు గట్టిగా అలవాటయింది ఆ కరువు తర్వాతే.

1920లో మద్రాసు పిల్లల చట్టం వచ్చింది. దేశంలో అట్లాంటి చట్టాల్లో అదే మొదటిది. బెంగాల్‌ది 1922లో, బొంబాయిది 1924లో వచ్చినాయి. ఇంగ్లండులో 1908లో చేసిన చట్టాన్ని చూసి రాసుకున్నారు. దిక్కులేని బిడ్డను మేజిస్ట్రేటు సర్టిఫైడ్ స్కూలుకు పంపొచ్చు, లేదంటే బంధువుకో 'తగిన వ్యక్తి'కో అప్పగించవచ్చు. ఈ 'తగిన వ్యక్తి' అనే మాట గుర్తుపెట్టుకోండి. నూరేండ్లు దాటినా, 2015 చట్టంలో కూడా అదే మాట ఉంది. మన అక్క అడిగిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరికింది. ఆచరణలో మాత్రం స్కూలుకు పంపడమే జరిగింది. తగిన వ్యక్తిని వెతకాలంటే ఇంటింటికీ తిరగాలి, మళ్లీ మళ్లీ పోయి చూడాలి. గోడ కట్టి గేటు పెట్టడం తేలిక.

1943లో దేవస్థానం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరం పెట్టింది. తల్లిదండ్రులు లేని, పేద పిల్లకాయలకు కూడు, గుడ్డ, చదువు అన్నీ అక్కడే. మన సంఘాల్లో కొందరి అన్నదమ్ములు, మామలు అక్కడ చదివి ఉద్యోగాలు చేసి పింఛన్ తీసుకుంటా ఉండారు. దాన్ని తక్కువ చేయడానికి మేము ఈ వ్యాసం రాయలేదు. అయితే అక్కడ పెరిగిన ఒక పెద్దాయన మాతో ఒక మాట అన్నాడు. "అన్నం ఎప్పుడూ తక్కువ కాలేదమ్మా. సెలవుల్లో అందురూ ఊళ్లకు పోతే, పోను ఊరు లేనోళ్లం కొందరం మిగిలిపోయేవాళ్లం. ఆ నెల గడిచేది కాదు." కుటుంబ పెంపకం ఎందుకు అని ఎవరన్నా అడిగితే మేము ఈ మాటే చెప్తా ఉండాం.

బయటి దేశాల్లో దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు. మన చట్టంలో కూడా ఆ పేరే వాడుతున్నారు. అక్కడి చరిత్ర కూడా నున్నగా ఏమీ లేదు. న్యూయార్కు వీధుల్లో తిరిగే పిల్లలను 1854 నుంచి 1929 దాకా రైళ్లెక్కించి పల్లెల్లోని రైతు కుటుంబాలకు పంపినారు. రెండు లక్షల దాకా పిల్లలు అట్లా పోయినారని అంటారు. స్టేషన్లో నిలబెడితే రైతులు వచ్చి చేతులు, పండ్లు చూసి ఎంచుకునేవాళ్లంట, సంతలో ఎద్దులను చూసినట్టు. కొందరికి నిజంగా అమ్మానాన్నలు దొరికినారు, కొందరు జీతం లేని కూలీలైనారు. 1945లో ఇంగ్లండులో డెనిస్ ఓనీల్ అనే పన్నెండేళ్ల పిల్లోడు, ప్రభుత్వమే అప్పగించిన ఇంట్లో తిండిలేక, దెబ్బలకు చచ్చిపోయినాడు. దాంతో దేశమంతా అదిరిపడింది. 1948లో కొత్త పిల్లల చట్టం చేసి, అప్పగించిన ఇండ్లను తిరిగి చూసే బాధ్యతను స్థానిక ప్రభుత్వాల మీద గట్టిగా పెట్టినారు.

ఈ కథ విన్నప్పుడు మాలో కొందరం తల దించుకున్నాం. ఎందుకో చెప్తాం. తిరుపతి చుట్టుపక్కల మెట్ట ఊళ్ల నుంచి "మేము సాకుతాం, చదివిస్తాం" అని ఆడపిల్లలను తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం మాకు తెలియనిది కాదు. ఆ పాప పొద్దున అంట్లు తోముతుంది, సాయంత్రం పిల్లోడిని ఎత్తుకుంటుంది. బడి పేరు రెండో ఏడు నుంచి వినపడదు. మా సంఘాల్లోని ఒక ఇంట్లోనే అట్లా ఒక పాప ఉండింది. అందరం చూసినాం. పండగకు కొత్త గౌను కూడా కుట్టించినాం. అడగాల్సిన మాట మాత్రం అడగలేదు, సభ్యురాలు నొచ్చుకుంటుందని. ఆ పాప ఎట్లనో తన ఊరు తానే పోయింది. ఈ సంగతి నివేదికలో రాయాలా వద్దా అని కమిటీలో రెండు గంటలు వాదించుకున్నాం. పేర్లు లేకుండా రాద్దామని తీర్మానమైంది.

మన దేశంలో 1986 బాలల న్యాయ చట్టం హోముల చుట్టే తిరిగింది. 1992లో భారతదేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో చేరింది. అదే ఏడు దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడినారు, సంఘాల కథ అక్కడి నుంచి ఊపందుకుంది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. అదే 2000లో వచ్చిన కొత్త బాలల న్యాయ చట్టంలో ఫోస్టర్ కేర్ మాట చేరింది. రెండూ పక్కపక్కనే పుట్టినాయి గానీ ఇరవై ఏండ్లు ఒకదానికొకటి పలకరించుకోలేదు. మేము పొదుపు, అప్పు, పసుపు-కుంకుమ సామాన్లు, పూలదండల వ్యాపారం చూసుకున్నాం. పిల్లల సంగతి అంగన్‌వాడీదో, ఆఫీసుదో అనుకున్నాం.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకో ఘోరం చెప్పకుండా దాటలేం. 1999 నుంచి 2001 మధ్య తాండూరులో, హైదరాబాదులో కొన్ని హోముల మీద దాడులు జరిగితే, లంబాడా తండాల్లో ఆడపసికందులను చిల్లర డబ్బులకు కొని విదేశీ దత్తతకు సిద్ధం చేస్తున్నట్టు బయటపడింది. 2001లో రాష్ట్ర ప్రభుత్వం, తల్లిదండ్రులు వదులుకున్న పిల్లలను దత్తత ఇవ్వడం ఆపేసింది. ఇప్పటికీ మా సమావేశాల్లో పెంపకం మాట ఎత్తితే, "పిల్లల వ్యాపారం మనకెందుకక్కా" అనే గొంతు ఒకటి లేస్తుంది. ఆ గొంతుకు కారణం ఉంది, కసిరి కూర్చోబెట్టలేం.

ఇప్పుడున్న చట్టం 2015లో చేసినది, 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బిడ్డను ఫోస్టర్ కుటుంబానికి అప్పగించేది బాలల సంక్షేమ కమిటీ. మనంతట మనం ఇచ్చిపుచ్చుకునేది కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు విడదీయకూడదు. కన్నవాళ్లుంటే వాళ్లు వచ్చి చూసుకోవచ్చు, పరిస్థితి బాగుపడితే బిడ్డ వాళ్ల దగ్గరికే పోవచ్చు. ఇంటిపేరు మారదు, ఆస్తి హక్కు రాదు. దత్తతకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మొదట పెండ్లయిన జంటలకే ఇచ్చేవాళ్లు. 2024లో కేంద్రం నియమాలు మార్చి, 35 నుంచి 60 ఏండ్ల మధ్య ఒంటరి స్త్రీలకు కూడా వీలిచ్చింది. ఐదేండ్లకు బదులు రెండేండ్లు సాకినాక దత్తత అడగొచ్చని కూడా చేర్చింది. మన సంఘాల్లో భర్త లేకుండా బతుకుతున్న అక్కలు ఎందరో మీకు తెలుసు. ఈ మార్పు వాళ్ల గడప దాకా ఎవరూ తీసుకుపోలేదు.

చుట్టాల ఇంట్లో పెరిగే పిల్లలకు స్పాన్సర్‌షిప్ అనే వేరే ఏర్పాటు ఉంది. రాజస్థాన్‌లో 2005 నుంచే పాలన్‌హార్ అనే పథకం కింద, తల్లిదండ్రులు లేని బిడ్డలను సాకే బంధువులకు నెలనెలా డబ్బులిస్తున్నారు. మనకు 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాలతో నెలకు 4,000 రూపాయలు అన్నారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. కోవిడ్‌లో అమ్మానాన్న ఇద్దరూ పోయిన పిల్లలకు 2021 మేలో కేంద్రం, రాష్ట్రం కూడా పది లక్షల చొప్పున సాయం ప్రకటించినాయి. అయితే 4,000 మాట బయటికొచ్చినాక, అర్హత ఉన్నోళ్లూ లేనోళ్లూ కలిసి జిరాక్సు అంగళ్ల ముందు వరుస కట్టినారు. ఎవరికి వస్తుందో చెప్పేవాళ్లు లేక, నిజంగా రావాల్సిన అవ్వలు వెనక్కి తిరిగినారు. చదువు రాని అవ్వకు దరఖాస్తు నింపే పని మన వి.ఓ.ఏ.లు చేయగలిగిందే, ఆ పని అప్పుడు మేము చేయలేదు.

ఈ సంవత్సరం నుంచి చేస్తా ఉండాం. నెలవారీ సమావేశంలో అప్పుల తర్వాత ఒక అంశం చేర్చినాం. మీ సంఘంలో, మీ వీధిలో కన్నవాళ్లు లేకుండా పెరుగుతున్న పిల్లకాయలు ఎవరు, బడికి పోతా ఉండారా, రాత్రి ఎక్కడ పడుకుంటారు. మూడో ప్రశ్న మొదట మాకే విడ్డూరంగా అనిపించింది. అదే ఎక్కువ సంగతులు చెప్తుంది. పిల్ల వంటింట్లో పడుకుంటుందంటే ఇంకొంచెం విచారించాలి. ఎవరికన్నా అనుమానముంటే 1098కి ఫోన్ చేయొచ్చని గోడ మీద రాయించినాం.

పద్దెనిమిదేండ్లు నిండినాక ఏంటి అనేది ఇంకో పక్క. హోములో పెరిగిన పిల్లలు ఆ పుట్టినరోజుకు భయపడతారు. చట్టం 21 ఏండ్ల దాకా తోడ్పాటు ఉండాలంటుంది, అవసరమైతే 23 దాకా పొడిగించొచ్చు. కానీ అద్దెకు గది అడిగితే "మీ పెద్దవాళ్లెవరు?" అంటారు. పండగకు యాడికి పోవాలో తెలియదు. హోము నుంచి వచ్చి తిరుచానూరులో ఒక అంగడిలో పనిచేస్తున్న ఒక పాప మా సంఘంలో చేరతానంది. మొదట వద్దన్నాం. పెండ్లి కాని పిల్లను చేర్చుకుంటే రేపు అత్తగారి ఊరు పోతుంది, అప్పు ఎవరు కడతారు అనేది పాత భయం. ఇద్దరు అక్కలు జామీను ఉంటామని లేచి నిలబడినాక చేర్చుకున్నాం. సభ్యత్వ పుస్తకంలో 'తండ్రి/భర్త పేరు' అనే గడి దగ్గర పెన్ను ఆగింది. "నన్ను చిన్నప్పుడు చూసుకున్న ఆయమ్మ పేరు రాయొచ్చా?" అని అడిగింది. బుక్‌కీపర్ మా వైపు చూసింది. గడి పైన రెండు మాటలు కొట్టేసి 'సాకినవారు' అని రాసి, ఆ పేరు పెట్టినాం. ఆడిట్‌కు వచ్చినాయన దాని మీద పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి పోయినాడు. అది ఇంకా అట్లే ఉంది.

మొదట్లో ప్రశ్న అడిగిన అక్క సంగతి. 1999లో గీతా హరిహరన్ కేసులో, తండ్రి బతికున్నా తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా బాండ్ల మీద తల్లి సంతకం చెల్లదన్న గొడవలోంచి వచ్చిందే. పెద్దమ్మ సంతకం దాకా ఆ తీర్పు రాలేదు. అందుకని ఆమెను తీసుకుని కమిటీ దగ్గరికి పోయినాం. మూడుసార్లు తిరిగినాం, ఇంటికి వచ్చి చూసుకున్నారు, పిల్లకాయలతో విడిగా మాట్లాడినారు. ఆమెను తగిన వ్యక్తిగా గుర్తిస్తా కాగితం వచ్చింది. దాంతో పెద్దపాప ఖాతా తెరిచినాం. చిన్నోడిది ఇంకా కాలేదు. ఆధార్‌లో పుట్టినతేదీ తప్పు పడింది, దాని పని మీద వచ్చే మంగళవారం మళ్లీ పోవాలి.